ఎడమవైపు అద్దం

ఫిబ్రవరి 9

అన్నయ్యకు,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటని వదిన అడిగితే, కార్ల మాట ఎత్తాక నువ్వు నన్ను నోరు విప్పనివ్వవని చెప్పు. ఉత్తరానికైతే మధ్యలో అడ్డుపడలేవు. పైగా దీన్ని మా సీటు కవర్ల షాపులో, మధ్యాహ్నం మిషను ఆపిన కాసేపట్లో రాస్తున్నాను. ఇక్కడైతే మీ బావ కంట పడదు.

మేం కొన్న తెల్ల కారు ఫొటో చూసి సబ్బుపెట్టెకు చక్రాలు బిగించినట్టుందన్నావు. ఉండనీ. మా ఇద్దరికీ సబ్బుపెట్టె చాలు. మీ బావ కూడా మొదట ముఖం చిట్లించారు. తర్వాత ఆయనే దాని మీద మనసు పడ్డారు. డ్రైవింగ్ స్కూల్లో పొద్దస్తమానం ఎవరెవరి కాళ్ళ కిందో నలిగే బండిలో పక్కసీట్లో కూర్చుని వస్తారు కదా, ఇంటికొచ్చాక తనదంటూ ఒక స్టీరింగ్ ఉండటం హాయి. ఆదివారం దాన్ని కడుగుతుంటే చూడాలి, చంటిపిల్లకు నీళ్ళు పోస్తున్నట్టే ఉంటుంది.

అసలు విషయం. దాని ఎడమవైపు అద్దం మళ్ళీ పగిలింది. మొదట గేటుకు తగిలింది. ఆ తర్వాత మా మలుపులో ఉన్న కరెంటు స్తంభానికి. ఇప్పుడు మార్కెట్ దగ్గర ఆగి ఉన్న వ్యానుకు. ఆయన దిగి చూసి, "ఈ కారుకి అద్దం పెట్టిన చోటే తప్పు" అన్నారు. ఊళ్ళో సగం మందికి బండి నేర్పిన మనిషి, ఆయన అంటే నేను కాదంటానా? నాకు తెలిసిందల్లా సీట్లే. వెనక్కి ఆనుకుని తీరిగ్గా నడిపేవాళ్ళ సీటు వీపు దగ్గర నలుగుతుంది. బిక్కుబిక్కుమంటూ ముందుకు వంగి నడిపేవాళ్ళ సీటు అక్కడ కొత్తదానిలాగే ఉంటుంది. మొన్న మా కారు సీటు కవరు విప్పి చూస్తే వీపు దగ్గర కొత్తగానే ఉంది. మీ బావ ఎప్పటినుంచి వంగి కూర్చుంటున్నారో నేను గమనించనే లేదు.

ఆ మోడల్లో నిజంగానే ఏదైనా లోపం ఉందా? నీకు తెలియని బండి ఉండదుగా.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 20

చెల్లీ,

నీ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పాలంటే, ఉంది. కానీ కార్ల గురించి ఒక్క ముక్కలో చెప్పి ఊరుకునేవాడినైతే నాకు ఈ పత్రికలో ఉద్యోగం ఎందుకిస్తారు?

ఆ కారును తయారుచేసినవాళ్ళు దాన్ని ఎప్పుడూ ఇరుకు వీధిలో నడిపి ఉండరు. ముందద్దం పక్కన పైకప్పును మోసే స్తంభం ఉంటుంది చూడు, అది మనిషి తొడంత లావుంటుంది. దాని వెనక ఒక ఆవు నిలబడినా కనబడదు. ఇక ఆ అద్దం, పౌడరు డబ్బా మూతలో ఉండేదానికి అన్నలాంటిది. రోజూ వాడే బండ్లన్నిటికీ ఇదే జబ్బు. మెరిసే బొమ్మల తెర పెడతారు, పాటల పెట్టె పెడతారు, చూడటానికి మాత్రం చోటివ్వరు.

జనం కూడా తక్కువేం కాదు. క్లచ్ పెడలును కాలిపీట అనుకునేవాళ్ళు కొందరు. ఇండికేటర్ వేస్తే ఇంటిగుట్టు బయటపడుతుందని భయపడేవాళ్ళు కొందరు. సిగ్నల్ దగ్గర అంగుళం అంగుళం ముందుకు జరుగుతూ, అలా జరిగితే ఎర్ర దీపం జాలిపడి పచ్చగా మారుతుందని నమ్మేవాళ్ళు ఇంకొందరు. వీళ్ళందరి మధ్యా బావలాంటి వాడు ఒక్కడుంటే నాకు ప్రాణం లేచొస్తుంది. మీ పెళ్ళయిన కొత్తలో ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇరుకు సందు మొత్తం వెనక్కి నడిపాడు. డ్యాష్‌బోర్డు మీద నా టీ గ్లాసు తొణకలేదు. అలాంటివాడి చేతిలో అద్దం పగిలిందంటే తప్పు అద్దానిదే.

వెడల్పు అద్దం ఒకటి బిగించమను, సరిపోతుంది. ఇంతకీ దాన్ని నడుపుతున్నది బావేనా, నువ్వు దొంగచాటుగా నేర్చుకుంటున్నావా?

మీ వదిన నిన్ను అడిగానని రాయమంది. తను కూడా ఇండికేటర్ వేయదు. ఈ మాట తనకు చెప్పకు.

అన్నయ్య


మార్చి 8

అన్నయ్యకు,

నేను నడపడం లేదు. కొత్త కాపురంలో నేర్పుతానన్న మనిషి, ఇప్పుడు నేనే అడిగితే "ఇప్పుడెందుకులే" అని దాటేస్తున్నారు. వెడల్పు అద్దం బిగించారు. అది కూడా గీసుకుపోయింది.

ఇంకో సంగతి. చీకటి పడ్డాక ఆయన బండి తీయడం మానేశారు. స్కూల్ నుంచి పొద్దు గుంకకముందే వచ్చేస్తున్నారు. కాస్త ఆలస్యమైతే కారు అక్కడే వదిలేసి, జీతాలు చూసే గుమాస్తా స్కూటరు మీద వస్తున్నారు. ఎందుకండీ అంటే, హెడ్‌లైట్లు దీపం బుడ్డిలా ఉన్నాయంటున్నారు. నిన్న వసారాలో బక్కెట్టు తన్నుకుని పడబోయారు. దారిలో పెట్టానని నన్ను కోప్పడ్డారు. అది ఎప్పుడూ ఉండే చోటే ఉంది.

మంచి బల్బులేమైనా ఉంటే రాయి. ఏదో ఒకటి చేయాలి కదా అనిపిస్తోంది, ఏం చేయాలో తోచడం లేదు.

నీ చెల్లెలు


మార్చి 19

చెల్లీ,

బల్బులు పార్శిల్ పంపాను. ఇవి కొంచెం పసుపు వెలుగు ఇస్తాయి. ఇప్పుడు అందరూ ఎగబడుతున్న తెల్ల వెలుగు ఎదుటివాడి కళ్ళు పొడవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

బావను కాస్త ఊరికే ఉండనీ. రోజంతా బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళ పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. సాయంత్రమైతే బండి మొహం చూడబుద్ధి కాకపోవడంలో వింతేముంది? బక్కెట్టు సంగతి అంటావా, మగవాళ్ళందరం బక్కెట్లు తన్నుకునే బతుకుతున్నాం.

నిజం చెప్పు, ఆ కొత్త అద్దం గీతలు నీ చలవే కదూ? బావ నిన్ను వెనకేసుకొస్తున్నాడని నా అనుమానం. నేర్చుకోవాలనుంటే సిగ్గుపడకుండా అడుగు. ముందు సీటు సర్దుకోవడం, తర్వాత అద్దాలు సర్దుకోవడం, ఆ తర్వాతే తాళంచెవి.

ఒక శుభవార్త. ఈ నెల నా శీర్షికలో మీ కారునే ఉతికి ఆరేశాను. "తలపండిన డ్రైవింగ్ మాస్టారొకరు ఈ కారు అద్దం వరసగా పగలగొట్టుకున్నారు, ఇక మామూలు మనుషుల గతేమిటి" అని రాశాను. పేరు వేయలేదు గాని, బావ గుర్తుపట్టి మురిసిపోతాడు. సంచిక ఒకటి విడిగా పంపుతున్నాను.

అన్నయ్య


ఏప్రిల్ 6

అన్నయ్యకు,

మురిసిపోయారు. ఆ పేజీ కత్తిరించి డ్రైవింగ్ స్కూల్ గోడకు అంటించారు. ఎవరు ఏమన్నా, "మా బావమరిది రాశాడు చూడండి" అని దాన్నే చూపిస్తున్నారు. స్కూల్ యజమాని బంపరు మీద సొట్ట గురించి అడిగినా అదే చూపించారట. నేను కంటి డాక్టరు మాట ఎత్తాను. "మీ అన్నయ్య కంటే నీకెక్కువ తెలుసా" అన్నారు.

నువ్వు పంపిన బల్బులు బిగించారు. వెలుగు బాగానే ఉంది. ఆయనే చీకట్లో ఉన్నారు.

అన్నయ్యా, ఇది కారు తప్పు కాదు. నిన్న భోజనం దగ్గర ఆయనకు ఎడమపక్క కూర్చున్నాను. నీళ్ళ గ్లాసు పట్టుకుని ఆయన చెవి దగ్గర నుంచి నెమ్మదిగా ముందుకు తెచ్చాను. చెంప దాటింది. ఆయన తింటూనే ఉన్నారు. ఇంచుమించు ముఖానికి ఎదురుగా వచ్చాక ఉలిక్కిపడి, "ఏంటిది" అన్నారు.

"నీళ్ళు" అన్నాను.

"చెప్పి ఇవ్వొచ్చుగా."

ఎదురుగా ఉన్నవి మాత్రం శుభ్రంగా కనబడుతున్నాయి, అదే వచ్చిన చిక్కు. కళ్ళు బాగాలేవంటే, గోడ మీద కేలండర్‌లో ఉన్న సన్నక్షరాలు గబగబా చదివి నా నోరు మూయించారు.

ఆయన పక్కన రోజూ ఎవరో ఒకరు ఆయన్ని నమ్మి కూర్చుని బండి నేర్చుకుంటున్నారు. నేను చెప్తే ఆయన వినరు. నువ్వు చెప్తే వింటారు. నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారికి అద్దాల గురించి కాకుండా ఆయన గురించి మాట్లాడు.

నీ చెల్లెలు


ఏప్రిల్ 8

చెల్లీ,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. డ్రైవింగ్ నేర్చుకోమన్నానని అలిగావేమో.

అలక తీరే మాట చెప్తాను. వచ్చే నెల మా పత్రికవాళ్ళు చిన్న కార్లన్నిటినీ ఒకచోట చేర్చి నడిపి చూసే కార్యక్రమం పెట్టారు. అభిరుచి ఉన్నవాళ్ళందరం ఉంటాం. పందెం కార్ల గురించి గంటలు గంటలు మాట్లాడతాం గాని, రోజూ నడిపేది మాత్రం అందరం సబ్బుపెట్టెలే. మాకు నిజంగా నడపడం వచ్చినవాడు ఒకడు కావాలి. నేను బావ పేరు చెప్పాను, ఒప్పుకున్నారు. ఆయనకు ఇవాళే ఉత్తరం వేశాను. ఆ ముఖం ఎలా వెలిగిందో నాకు రాయి.

అన్నయ్య


ఏప్రిల్ 16

చెల్లీ,

నీ ఆరో తారీఖు ఉత్తరం నేను ఆ పిలుపు పోస్టులో వేసిన తర్వాత వచ్చింది. చదివి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. వెనక్కి రప్పించే దారి లేదు.

నిన్న బావకు ఫోన్ చేశాను, నీకు చెప్పే ఉంటాడు. కంటి డాక్టరు మాట ఎత్తాను. నవ్వాడు. "అవన్నీ తర్వాత. ముందు ఏయే బండ్లు పెడుతున్నారో చెప్పు బావా" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కోదాని గురించి అడుగుతున్నాడు, గేరు గట్టిగా పడుతుందా, మలుపులో ఒరుగుతుందా అని. ఆ గొంతులో అంత సంతోషం నేను ఈమధ్య వినలేదు. మళ్ళీ ఆ మాట ఎత్తుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రాలేదు. ఫోన్ పెట్టేశాక మీ వదిన, "చెప్పారా" అని అడిగింది. "కార్ల గురించి చెప్పాను" అన్నాను.

ఆ కార్యక్రమం నుంచి ఆయన పేరు ఏదో వంక పెట్టి తీయిస్తాను. ఎదురుగా కూర్చుంటే చెప్పగలనేమో. ఆఖరివారంలో సెలవు పెట్టి వస్తాను. అంతదాకా ఆయనను స్కూల్‌కు వెళ్ళకుండా ఆపగలవా?

అన్నయ్య


మే 2

అన్నయ్యకు,

ఆపలేకపోయాను. నువ్వు కూడా రాలేకపోయావు. సెలవు ఇవ్వలేదని ఫోన్‌లో అన్నావు, సరే. నిన్ను అనడానికి రాయడం లేదు.

స్కూల్లో బండి నేర్చుకోవడానికి లైబ్రరీలో పనిచేసే అమ్మాయి ఒకతె కొత్తగా చేరింది. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే పని తనది. పాపం చాలా పిరికిది. ప్రతి కూడలి దగ్గరా ఆగి, "వెళ్ళనా మాస్టారూ" అని అడిగేదట. మొన్న కూడా అడిగింది. ఎడమపక్క చూడాల్సింది ఆయన కదా, ఆ వైపు సీట్లో ఉన్నది ఆయనే. తల తిప్పారట కూడా. "వెళ్ళమ్మా, ఎవరూ లేరు" అన్నారట.

ఆ పక్కనుంచి తాళాలు బాగుచేసే ఆయన సైకిలు మీద వస్తున్నాడు. మీ బావ కాళ్ళ దగ్గర కూడా బ్రేకు ఉంటుంది. తొక్కేసరికే బంపరు తగిలింది. ప్రాణానికి ఏమీ కాలేదు. కుడిచేతి మణికట్టు విరిగింది. తాళాల పనంతా ఆ చేతిలోనే ఉంది.

పోలీసులు వచ్చారు. స్టీరింగ్ పట్టుకున్నది ఆ అమ్మాయి. "నేనే చూసుకోలేదండీ" అని ఏడుస్తూ అందరికీ అదే చెప్తోందట. స్కూల్ యజమాని కూడా నేర్చుకునేవాళ్ళన్నాక ఇలాంటివి మామూలే అంటున్నాడు. మీ బావ పక్కనే నిలబడి విన్నారట. ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక చొక్కా విప్పకుండా అలాగే కూర్చున్నారు. ఈ సంగతులన్నీ నాకు స్కూల్ గుమాస్తా వచ్చి చెప్తేనే తెలిసింది. నేను అడగలేదు. అడిగితే ఏం చెప్తారోనని భయం వేసింది. చెప్పకపోతే ఇంకా భయం.

నీ చెల్లెలు


మే 10

చెల్లీ,

ఆ పేజీ ఇంకా స్కూల్ గోడ మీదే ఉందా? ఉంటే దయచేసి చింపించు.

రేపు బయల్దేరి రానా? ఒక్క మాట రాయి.

అన్నయ్య


మే 27

అన్నయ్యకు,

ఇప్పుడే రాకు. ఆయన వద్దన్నారు. "మీ అన్నయ్య నన్ను ఇలా చూడకూడదు. కొన్నాళ్ళు పోనీ" అన్నారు. ఆ ఒక్కటీ అడిగారు, కాదనలేను.

జరిగింది వరసగా చెప్తాను. ఆ లైబ్రరీ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. క్షమించమని అడగడానికట. మీ బావ గుమ్మంలోకి వెళ్ళారు. "మాస్టారూ, మీ పేరు పాడుచేశాను" అంది. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. ఆ అమ్మాయి ఏడుపు ఆపలేదు. అప్పుడు ఆయన లోపలికొచ్చి చెప్పులు వేసుకున్నారు. "నాతో రామ్మా" అన్నారు. నేనూ వెంట నడిచాను. నడుస్తూనే స్టేషన్‌కు వెళ్ళాం.

"ఆ అమ్మాయి నన్ను అడిగింది. పొమ్మన్నది నేను. నాకు పక్కకు కనబడదు" అన్నారు.

"ఎప్పటినుంచి?" అని అడిగాడు స్టేషన్‌లో రాసుకుంటున్న ఆయన.

"తెలిసి చాలా రోజులైంది. ఒప్పుకున్నది ఇవాళ."

అన్నయ్యా, ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. పక్కనే నిలబడి మొదటిసారి విన్నాను. లైసెన్సు తీసి బల్ల మీద పెట్టారు. కేసు ఏమవుతుందో ఇంకా తెలియదు. ఆ అమ్మాయి మీద మాత్రం తప్పు లేదని రాసుకున్నారు. తను ఇక బండి జోలికి పోనని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు డాక్టరు దగ్గరికి ఆయనే బయల్దేరారు. చూపు పక్కల నుంచి మూసుకొస్తోందట. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందట, ఆ గొట్టం ఇంకా సన్నబడుతుందట. ఆపే మందు తన దగ్గర లేదని డాక్టరు మొహం మీదే చెప్పేశారు. "ఇన్నాళ్ళూ ఎలా నడిపారండీ" అని అడిగారు.

"పక్కన నేర్చుకునేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళు భయపడుతూ అన్ని వైపులా చూసేవాళ్ళు" అన్నారు మీ బావ.

తాళాల ఆయనను చూడటానికి వెళ్తున్నారు. ఆ మనిషి చేతికి పట్టు మళ్ళీ వస్తుందో రాదో తెలియదట. మీ బావ కాసేపు కూర్చుని లేచి వస్తారు. రావద్దని వాళ్ళూ అనరు, రమ్మనీ అనరు. గోడ మీది నీ పేజీని యజమానే చింపేశాడు.

నీ చెల్లెలు


జూన్ 14

చెల్లీ,

రాసింది తప్పని పత్రికలో వేయమని మా ఎడిటర్‌ను అడిగాను. "కారు అద్దం చిన్నదే కదా, అందులో తప్పేముంది" అన్నాడు. చూస్తే నిజమే, అద్దం చిన్నదే. నేను రాసిన ప్రతి అక్షరం నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని బావ అన్నాళ్ళు నడిపాడు. దీనికి సవరణ ఎలా రాస్తారో నాకు తెలియలేదు.

ఇక్కడ పేరున్న కంటి డాక్టరుకు ఆయన కాగితాలు చూపించాను. మీ డాక్టరు చెప్పిందే ఈయనా చెప్పాడు, ఇంకాస్త మర్యాదగా. ఇంకెవరికి చూపించను? ఎంతమందికి చూపించినా అదే మాట వింటానేమో.

ఈ నెల నా శీర్షిక రాయలేదు. నడిపి చూడమని ఒక కారు ఇచ్చారు. కూర్చున్నాను. నాలుగు వీధులు తిప్పి తెచ్చి ఇచ్చేశాను. బండి ఎలా ఉందని అడిగితే ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయాను. దారి పొడవునా పక్కలకే చూశాను. ఇక రాస్తానని అనుకోను.

నేనేం చేస్తే బావకు కాస్త ఊరటగా ఉంటుందో చెప్పు. ఏదైనా చేస్తాను.

అన్నయ్య


జూలై 21

అన్నయ్యకు,

ఏదైనా చేస్తానన్నావు కాబట్టి రాస్తున్నాను.

కారు అమ్మేశాం. కొన్నాయన వచ్చి బండి తీసుకెళ్ళేటప్పుడు, మీ బావ గేటు దాకా వెళ్ళి, "క్లచ్ మీద కాలు ఆనించి పెట్టకండి" అని చెప్పారు. కొన్నాయన సరేనని ఇండికేటర్ వేయకుండానే మలుపు తిరిగాడు. మీ బావకు ఆ మలుపు కనబడదు గాని, "వేయలేదు కదూ" అని నన్నడిగారు. వేశాడని చెప్పాను.

ఇప్పుడు నాతో పాటు షాపుకు వస్తున్నారు. రెక్సిన్ ముక్కలు కత్తిరించడానికి కూర్చుంటారు. కత్తెర ఎదురుగానే ఉంటుంది కాబట్టి ఆ పని బాగానే చేస్తున్నారు. పక్కన పెట్టిన ముక్క మాత్రం ఎక్కడుందో వెతుక్కుంటారు. నేను చూసీ చూడనట్టు దాన్ని ముందుకు జరుపుతాను. ఆయనకు అది తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. ఇద్దరం ఏమీ అనుకోం.

చదవడం కష్టమైపోయింది. ఒక్కో మాట స్పష్టంగా కనబడుతుందట, దాని పక్క మాట మాత్రం ఉండదట. వరస తప్పిపోయి తల పట్టుకుంటారు. అందుకని పేపరు నేనే చదివి పెడుతున్నాను. కిందటి నెల మీ పత్రిక వస్తే, "మీ అన్నయ్య ఈసారి ఏ బండిని తిట్టాడు" అని అడిగారు. నువ్వు రాయలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నీ వల్లే ఇదంతా అని నువ్వు కుమిలిపోతున్నావని ఆయనకు తెలిస్తే, అది కూడా తన తలకెత్తుకుంటారు.

అందుకని పేజీ ముందు పెట్టుకుని సొంతంగా కల్పించి చదివాను. ఏదో చిన్న కారు పేరు పెట్టాను. సీట్లు మెత్తగా ఉన్నాయన్నాను, నాకు తెలిసింది అదే కదా. వెనక కాళ్ళు చాపుకోవడానికి చోటు లేదన్నాను. డీజిల్ ఇంజను చప్పుడు ఎక్కువన్నాను. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"ఆ బండి డీజిల్‌లో రాదు" అన్నారు.

నేను పేజీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"మీ అన్నయ్య రాయడం మానేశాడా?"

పేజీ తిప్పాను. ఆయనే, "రాయమను. నువ్వు కల్పించి చెప్తుంటే పోట్లాడబుద్ధి కావడం లేదు" అన్నారు.

అన్నయ్యా, నువ్వు రాస్తే ఆయన చూపు ఒక్క వెంట్రుకవాసి పెరగదు. తాళాల ఆయన చేయి బాగుపడదు. నాకు తెలుసు. నువ్వు మళ్ళీ ఓ బండి ఎక్కి, దాన్ని తిట్టో పొగిడో నాలుగు మాటలు రాయడం ఎంత కష్టమో కూడా తెలుసు. అయినా అడుగుతున్నాను. పత్రిక వచ్చే రోజున ఆయన షాపు నుంచి పెందలాడే వచ్చి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరో మాట్లాడటానికి వస్తున్నట్టు వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. పక్కన ఇంకో కుర్చీ కూడా వేస్తున్నారు.

నీ చెల్లెలు